పడిపోయిన సిబిల్ స్కోరును లేపడానికి ఏది మేలు: ఎఫ్‌డీ కార్డా, బంగారం లోనా, చిన్న ఈఎంఐనా?

సిబిల్ స్కోరంటే మీరు అప్పులు ఎంత సక్రమంగా కట్టారో చెప్పే అంకె. అది దెబ్బతిన్నవాళ్లు ఎవరిని అడిగినా వినిపించే సలహా ఒకటే: "ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) వేసి దాని హామీ మీద క్రెడిట్ కార్డు తీసుకోండి." సలహా తప్పేమీ కాదు. అయితే అది ఎవరికి పనికొస్తుందో, ఎవరికి ఉన్న డబ్బు ఇరుక్కుపోవడం తప్ప ఏమీ మిగల్చదో మీ అప్పుల చరిత్ర ఉన్న క్రెడిట్ రిపోర్టు తెరిచి చూస్తే గాని తెలియదు. ఒక్క సంగతి ముందే అనుకుంటే మిగతా పోలికంతా తేలికవుతుంది. ఎఫ్‌డీ ఉన్నది బ్యాంకు డబ్బుకు కాపలాగా. బిల్లు కట్టకపోతే బ్యాంకు ఆ ఎఫ్‌డీని విరిచి తన బాకీ తాను వసూలు చేసుకుంటుంది. మీ రిపోర్టులో మాత్రం ఆలస్యం ఆలస్యంగానే ఎక్కుతుంది. "ఎఫ్‌డీ ఉందిగా, ఏమవుతుందిలే" అనుకున్నవాళ్ల స్కోరు ఈ కార్డు వల్లే ఇంకా కిందికి పోతుంది.

ముందు రిపోర్టు, తర్వాతే కార్డు

మన దేశంలో అప్పుల సమాచారం సేకరించే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ప్రతి సంస్థా ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలన్నది ఆర్‌బీఐ నిబంధన. నాలుగూ ఒకే రోజు తీసుకోకుండా మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాది పొడవునా పైసా ఖర్చు లేకుండా కనిపెట్టుకుని ఉండొచ్చు. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. అప్పు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు బ్యాంకు చేసే ఎంక్వైరీలే కాస్త తగ్గిస్తాయి.

స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. ఆ అంకె దగ్గరే ఆగిపోకుండా కిందికి దిగి ఒక్కో ఖాతా చదవండి. ప్రతి ఖాతా కింద 36 నెలల వరకు గడులు ఉంటాయి. గడిలో 000 అనో, ఎస్‌టీడీ అనో ఉంటే ఆ నెల సరిగ్గా కట్టినట్టు. 030, 060 లాంటి అంకెలుంటే గడువు దాటి అన్ని రోజులైందని లెక్క. మూడు ఎక్స్‌లు ఉంటే ఆ నెల సమాచారం బ్యాంకు పంపలేదని, దానికి కంగారు అక్కర్లేదు. ఎస్‌యూబీ, డీబీటీ, ఎల్‌ఎస్‌ఎస్ అన్న అక్షరాలు కనిపిస్తే ఆ అప్పు మొండి బకాయిల పట్టీలోకి వెళ్లిపోయిందన్నమాట.

ఇలా చదివాక మీ పరిస్థితి నాలుగింటిలో ఒకటిగా తేలుతుంది.

పాత అప్పులో ఇప్పటికీ బకాయి నడుస్తూ ఉంటే కొత్త కార్డు ఊసే వద్దు. ఒకపక్క నెలనెలా కొత్త ఖాతాలో మంచి గడి పడుతుంటే, ఇంకోపక్క పాత ఖాతాలో 090, 120, 150 అని పెరుగుతూ పోతుంది. ఎఫ్‌డీ వేయాలనుకున్న డబ్బును ఆ బకాయికే కట్టండి. బాకీ ఉన్న బ్యాంకులోనే ఎఫ్‌డీ వేసి కార్డు అడగడం మరీ తొందరపాటు. ఖాతాదారు డిపాజిట్‌ను అతని బాకీ కింద జమ వేసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. కార్డు రాకపోగా ఎఫ్‌డీ కూడా పోవచ్చు.

బ్యాంకుతో మాట్లాడుకుని కొంత తగ్గించి కట్టి వదిలించుకున్న అప్పుకు రిపోర్టులో 'సెటిల్డ్' అని ఉంటుంది. బ్యాంకు వదిలేసుకున్న దానికి 'రిటెన్ ఆఫ్' అని ఉంటుంది. మీ దృష్టిలో ఆ కథ ముగిసింది, అప్పు ఇచ్చేవాళ్ల దృష్టిలో ముగియలేదు. హోం లోన్ అధికారి ముందుగా చూసేది ఈ మాట కోసమే. కార్డు మీద ఏడాది పాటు చక్కగా కట్టి స్కోరు పెంచుకున్నా ఈ మాట అక్కడే కనిపిస్తూ ఉంటుంది. అందుకని మిగిలిన తేడా ఎంతో బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. కట్టేసి నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదన్న పత్రం) తీసుకోండి. ఖాతాను 'క్లోజ్డ్'గా మార్చి పంపుతామని అందులోనే రాయించుకోండి. ఆ పని మొదలుపెట్టాక, దానికి సమాంతరంగా కార్డు తీసుకోవచ్చు.

మూడో పరిస్థితి ఎఫ్‌డీ కార్డుకు అచ్చంగా సరిపోయేది. బాకీలన్నీ తీరాయి, సెటిల్‌మెంట్ మచ్చ లేదు. రెండు మూడేళ్ల కిందట ఉద్యోగం పోయినప్పుడో, ఇంట్లో జబ్బు చేసినప్పుడో పడిన ఆలస్యాలు మాత్రం ఉన్నాయి. ఇప్పుడు నడుస్తున్న ఖాతా ఒక్కటీ లేదు. అప్పుడు రిపోర్టులో కనిపించేదంతా పాత చెడే, దాన్ని పలచబరిచే కొత్త మంచి ఏదీ పడటం లేదు. కార్డు చేసే పని అదే: నెలకొక మంచి గడి రాయించడం.

నాలుగోది, అసలు చరిత్రే లేనివాళ్లది. వీళ్లకు సిబిల్‌లో స్కోరు బదులు -1 అనో, ఎన్‌హెచ్ అనో వస్తుంది. వీళ్లకూ ఎఫ్‌డీ కార్డు బాగానే పనిచేస్తుంది. కాకపోతే స్థిరమైన జీతం ఉంటే జీతం పడే బ్యాంకే డిపాజిట్ లేకుండా చిన్న కార్డు ఇవ్వొచ్చు. ముందు అక్కడ అడిగి చూడటం మేలు.

ఇవేవీ కాక మీకు తెలియని అప్పు కనిపించినా, తీర్చేసిన అప్పు ఇంకా తెరిచే ఉన్నట్టు చూపినా, ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు పెట్టండి. రుసుము ఉండదు. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు రూ.100 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. ఈ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ 30 రోజుల్లో బ్యాంకుకు 21 రోజులు, మిగతావి సమాచార సంస్థకు. అప్పటికీ తేలకపోతే ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఎవరికో హామీ సంతకం పెట్టిన అప్పు కూడా మీ రిపోర్టులోకి వస్తుంది. అది 'తెలియని అప్పు' కిందికి రాదు, ఫిర్యాదుతో పోదు.

దారులన్నీ పక్కపక్కన పెడితే

ఎఫ్‌డీ మీద కార్డు: డిపాజిట్‌లో 80 నుంచి 100 శాతం దాకా లిమిట్ ఇస్తారు, బ్యాంకును బట్టి మారుతుంది. ఆదాయం కాగితాలు సాధారణంగా అడగరు. ఎఫ్‌డీ మీద వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది. రిపోర్టులో ఇది 'సెక్యూర్డ్ క్రెడిట్ కార్డ్' అని కనిపిస్తుంది. పేరులో ఆ తేడా ఉన్నా గడులు మామూలు కార్డుకు పడినట్టే పడతాయి. గడువులోపు మొత్తం కట్టేస్తే వడ్డీ సున్నా. దీని అసలు బలం అదే. స్కోరు కోసం మీరు అప్పు మోయనక్కర్లేదు, ఎలాగూ పెట్టే ఖర్చును దీని మీదుగా పంపితే చాలు.

ఎఫ్‌డీ మీద లోన్: ఎఫ్‌డీ వడ్డీ మీద ఒకటి, రెండు శాతం ఎక్కువ వేసి ఇస్తారు. నగదు అవసరం నిజంగా ఉంటే కార్డు కంటే ఇది ఎన్నో రెట్లు చవక. లెక్క చూడండి. రూ.18,000 లోన్‌ను 8 శాతం వడ్డీకి 12 నెలల ఈఎంఐగా తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.1,566, ఏడాది మొత్తానికి వడ్డీ దాదాపు రూ.790. అదే రూ.18,000ను కార్డు మీద వాడి కట్టకుండా ఉంచేస్తే, నెలకు 3.5 శాతం చొప్పున రూ.630, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.113, కలిపి రూ.743. ఏడాది లోన్ వడ్డీ దాదాపుగా ఒక్క నెల కార్డు వడ్డీకే సరిపోయింది. అయితే స్కోరు కోణంలో ఈ లోన్‌కు ఓ చిక్కుంది. చాలా బ్యాంకులు దీన్ని ఓవర్‌డ్రాఫ్ట్‌గానో (కావాల్సినప్పుడు తీసుకుని, వీలైనప్పుడు కట్టే పద్ధతి), చివర్లో ఒకేసారి కట్టే పద్ధతిలోనో ఇస్తాయి. అలా అయితే నెలనెలా సమయానికి కట్టారన్న చరిత్ర పెద్దగా పోగవదు. ఈఎంఐ పద్ధతి ఉందా అని అడిగే తీసుకోండి.

బంగారం లోన్: స్కోరు బాగాలేకపోయినా సులువుగా దొరుకుతుంది, అందుకే చాలామంది దీన్నే స్కోరు పెంచే సాధనం అనుకుంటారు. మన దగ్గర ఎక్కువగా నడిచేది ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టే పద్ధతి. మధ్యలో కట్టాల్సిందేమీ ఉండదు కాబట్టి మీ క్రమశిక్షణ చూపే అవకాశమూ ఉండదు. గడువుకు వడ్డీ కట్టి మళ్లీ అదే నగ మీద తిరగరాయిస్తే పాత ఖాతా మూసి కొత్త ఖాతా తెరిచినట్టే. ఖాతా వయసు మళ్లీ మొదటి నుంచి మొదలు. మరిచిపోతే వేలం నోటీసు. అవసరానికి బంగారం పెట్టడం వేరే సంగతి. స్కోరు కోసమే అయితే ఇది మా మొదటి మూడు ఎంపికల్లో లేదు.

వస్తువుల మీద ఈఎంఐ, పే లేటర్ యాప్‌లు: ఫోనో, ఫ్రిజ్జో ఎలాగూ కొనాల్సి ఉండి, ఈఎంఐ దొరికితే, ఆరు నుంచి పన్నెండు నెలల వాయిదాలు మంచి చరిత్రే. కానీ స్కోరు తక్కువగా ఉన్నప్పుడు తిరస్కరణ ఎక్కువ, ప్రతి ప్రయత్నానికీ ఓ ఎంక్వైరీ మిగులుతుంది. యాప్‌ల ద్వారా ఇచ్చే అప్పు ఎంత చిన్నదైనా, ఎన్ని రోజులదైనా రిపోర్టు చేయాల్సిందేనని ఆర్‌బీఐ డిజిటల్ రుణాల మార్గదర్శకాలు చెబుతాయి. రూ.300, రూ.700 లాంటి అప్పులు పది కనిపించే రిపోర్టును చూసి ఏ అధికారికీ నమ్మకం కలగదు. ఆ పదింటిలో ఒకదాని గడువు మరిచిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

డిపాజిట్ లేని మామూలు కార్డు: వస్తే ఇదే మేలు, డబ్బు ఇరుక్కోదు. కానీ 2023 నవంబరులో ఆర్‌బీఐ కార్డు బాకీల మీద బ్యాంకులు పక్కన పెట్టాల్సిన మూలధనాన్ని పెంచింది. అందుకని బలహీనమైన స్కోరుకు ఇది అంత తేలిగ్గా రాదు. ఒకచోట కాదంటే ఇంకోచోట అంటూ నెలలో నాలుగు దరఖాస్తులు పెట్టడం మాత్రం చేయకండి.

ఇక పనికిరానివి. ఇంట్లోవాళ్ల కార్డు మీద యాడ్-ఆన్ కార్డు తీసుకుంటే ఆ చరిత్ర అసలు కార్డుదారుది, సాధారణంగా మీ ఖాతాలో పడదు. ఇతర దేశాల గురించి రాసిన సలహాలు చదివి చాలామంది ఇక్కడ పొరబడతారు. డెబిట్ కార్డు, ప్రీపెయిడ్ కార్డు, వాలెట్ వాడకం అప్పే కాదు కాబట్టి వాటి లావాదేవీలు స్కోరులోకి రావు. "నెల రోజుల్లో 750 చేయిస్తాం" అనే ఏజెంట్లు చేయగలిగింది మీరు ఉచితంగా పెట్టుకోగల ఫిర్యాదు ఒక్కటే. నిజమైన ఆలస్యాన్ని ఎవరూ చెరపలేరు.

ఎఫ్‌డీ కార్డుల్లోనే ఏది తీసుకోవాలి

ఎఫ్‌డీ కనీస మొత్తం కొన్ని బ్యాంకుల్లో ఐదువేల దగ్గరే మొదలవుతుంది, కొన్నింట్లో ఇరవై, పాతికవేలు, ఇంకొన్నింట్లో యాభైవేలు. తక్కువలో దొరికేదాని మీదికి కన్ను పోవడం సహజం. కానీ ఐదువేల లిమిట్‌తో రోజువారీ ఖర్చు నడపడం కష్టం. ఒక్క కరెంటు బిల్లు, ఒక్క రీఛార్జ్‌తోనే లిమిట్ సగం నిండిపోతుంది. నెలకు ఎంత ఖర్చు కార్డు మీద పెడతారో ముందు అనుకోండి. నెలకు రూ.12,000 అనుకుందాం. బిల్లు లిమిట్‌లో 30 శాతం దాటకూడదంటే లిమిట్ రూ.40,000 ఉండాలి. ఎఫ్‌డీలో 90 శాతం ఇచ్చే బ్యాంకైతే సుమారు రూ.45,000 డిపాజిట్ కావాలి. అంత లేదంటే రూ.20,000 వేసి, రూ.18,000 లిమిట్ తీసుకుని, ఖర్చును ఐదువేల లోపు పెట్టుకోండి. స్కోరుకు రెండూ సమానమే. పెద్ద ఖర్చు పెడితే ఎక్కువ పెరగడమంటూ లేదు.

వార్షిక రుసుము విషయంలో మాది ఒకటే మాట: ఎఫ్‌డీ కార్డుకు రుసుము కట్టొద్దు. ఏడాదికి రూ.500 రుసుము అంటే జీఎస్టీతో రూ.590. రూ.20,000 ఎఫ్‌డీకి 6.5 శాతం చొప్పున వచ్చే వడ్డీ రూ.1,300. దాదాపు సగం రుసుముకే పోయింది. జీవితాంతం ఉచితం అనే కార్డులు ఈ తరగతిలోనే ఉన్నాయి. 'మొదటి ఏడాది ఉచితం' అన్నది వేరు, రెండో ఏడాది సంగతి అడగండి. రివార్డు పాయింట్లు, లాంజ్‌లు చూసి దీన్ని ఎంచుకోవడం దండగ.

ఎఫ్‌డీ గురించి నాలుగు సంగతులు చూసుకోవాలి. పన్ను మినహాయింపు కోసం వేసే ఐదేళ్ల ఎఫ్‌డీ తాకట్టుకు పనికిరాదు, కాబట్టి మామూలు ఎఫ్‌డీయే వేయాలి. ఇద్దరి పేర్ల మీద ఉన్న ఎఫ్‌డీ చాలాచోట్ల ఒప్పుకోరు. గడువు తీరాక తనంతట తాను రెన్యూవల్ అయ్యేలా పెట్టమంటారు, అలా పెట్టాక మధ్యలో తీసుకోవాలంటే కార్డు మూయాల్సిందే. మీకు ఆ డబ్బు ఆరు నెలల్లో పిల్లల ఫీజుకు కావాలంటే అసలు ఈ దారి పట్టకండి. నాలుగోది, చిన్న ఫైనాన్స్ బ్యాంకులు ఎక్కువ వడ్డీ ఇస్తున్నా భయం అక్కర్లేదు. అసలూ వడ్డీ కలిపి రూ.5 లక్షల వరకు డిపాజిట్ బీమా అక్కడా ఉంది.

రూపే మీద ఇచ్చే ఎఫ్‌డీ కార్డు దొరికితే దానికి ఓ అదనపు సౌకర్యం ఉంది. యూపీఐకి జత చేసుకుని కిరాణా కొట్టు స్కానర్ మీద కూడా వాడొచ్చు. చిన్న ఖర్చులు తిప్పాలనుకునేవాళ్లకు ఇది బాగుంటుంది. మనుషులకు డబ్బు పంపడానికి మాత్రం పనికిరాదు, దుకాణాలకే. అయితే చేతిలో ఉన్న యూపీఐ నుంచే అప్పు వెళ్తుంది కాబట్టి ఏది సొంత డబ్బో ఏది బాకీయో గుర్తుండని స్వభావం ఉంటే వీసా, మాస్టర్‌కార్డు మీద ఇచ్చే కార్డే నయం.

ఇంకొకటి: కొంతకాలం తర్వాత డిపాజిట్ వదిలేసి మామూలు కార్డుగా మారుస్తారా, అదే ఖాతా కొనసాగుతుందా? కొనసాగితే ఖాతా వయసు పోదు. రెండు కార్డులు మిగతా అన్నింట్లో సమానమైతే దీన్ని బట్టే తేల్చుకోండి.

నడిపే తీరు

కార్డు వచ్చాక 30 రోజుల్లోపు యాక్టివేట్ చేయండి. లేకపోతే బ్యాంకు మిమ్మల్ని ఓటీపీతో సమ్మతి అడుగుతుంది, ఇవ్వకపోతే కార్డు మూసేస్తుంది. యాక్టివేట్ కాని కార్డు సమాచారం రిపోర్టులోకి వెళ్లదు కూడా.

రెండు తేదీలు గుర్తుండాలి: స్టేట్‌మెంట్ తేదీ (ఆ నెల బిల్లు తయారయ్యే రోజు), కట్టాల్సిన గడువు. వడ్డీ, ఆలస్యాలు గడువును బట్టి. లిమిట్‌లో ఎంత వాడారన్న లెక్క మాత్రం స్టేట్‌మెంట్‌లో ఎంత తేలిందన్న దాని మీద ఆధారపడుతుంది. రూ.18,000 లిమిట్‌లో రూ.15,000 వాడి గడువులోపు పూర్తిగా కట్టేసినా, స్టేట్‌మెంట్ రోజున 83 శాతం వాడినట్టు రికార్డయింది. అన్నీ సమయానికి కడుతున్నా స్కోరు కదలడం లేదని వాపోయేవాళ్ల చిక్కు చాలాసార్లు ఇదే. ఎక్కువ ఖర్చైన నెలలో స్టేట్‌మెంట్‌కు మూడు నాలుగు రోజుల ముందే చాలాభాగం కట్టేయండి. 30 శాతం లోపు ఉంటే బాగు, 10 శాతం దగ్గర ఉంటే ఇంకా బాగు. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి సమాచారం పంపాలి కాబట్టి, ఒక నెల ఎక్కువ వాడినా తర్వాత తగ్గిస్తే ఆ ప్రభావం త్వరగానే పోతుంది. ఆలస్యం అలా కాదు, అది గడిలోనే ఉండిపోతుంది.

గడువు మీ జీతం తేదీకి సరిపడకపోతే మార్పించుకోవచ్చు. బిల్లింగ్ తేదీలను కనీసం ఒకసారి మార్చుకునే వీలు ఇవ్వాలని ఆర్‌బీఐ చెప్పింది. మూడో తేదీన గడువు పెట్టుకుని ఏడో తేదీ జీతం కోసం ఎదురుచూడటం ఎందుకు?

ఆటోపే (బిల్లు మీ ఖాతా నుంచి తనంతట తానే కట్టుకునే ఏర్పాటు) పెట్టండి, అదీ మొత్తం బిల్లుకు. మినిమమ్ డ్యూకు (ఆ నెల కట్టాల్సిన కనీస మొత్తానికి) ఆటోపే పెడితే రిపోర్టులో ఆలస్యం పడదు గానీ డబ్బు కారిపోతుంది. రూ.10,000 బిల్లులో రూ.500 మాత్రమే కడితే, మిగిలిన రూ.9,500 మీద నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ రూ.332, జీఎస్టీ రూ.60. మీరు కట్టిన ఐదువందల్లో బాకీ తగ్గింది నూటఎనిమిదే. పైగా బాకీ పూర్తిగా తీరేదాకా కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని రోజులు ఉండవు, కొన్న రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఎఫ్‌డీ మీద ఏడాదికి ఆరేడు శాతం సంపాదిస్తూ, అదే డబ్బు హామీగా పెట్టి ఏడాదికి 42 శాతం వడ్డీకి అప్పు చేసినట్టు.

ఎక్కడ తప్పుతుంది

మొదటి బిల్లు దగ్గరే. ఆటోపే పెట్టేశామని నిశ్చింతగా ఉంటారు. ఆ అనుమతి అమల్లోకి రావడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి ఒక బిల్లు కాలం పడుతుంది. మొదటి బిల్లు చేత్తో కట్టండి, రెండోదానికి డబ్బు తీసుకుందో లేదో చూడండి.

వాడని కార్డు మీద పడే చిన్న రుసుము ఇంకోటి. కార్డు సొరుగులో ఉంది, ఏమీ కొనలేదు, కాబట్టి బిల్లు రాదనుకుంటారు. వార్షిక రుసుమో, మరిచిపోయిన సబ్‌స్క్రిప్షనో పడుతుంది. రూ.199 బాకీకి కూడా 030, 060 గడులు పెద్ద అప్పుకు పడినట్టే పడతాయి. స్టేట్‌మెంట్ మెయిల్ పాత ఐడీకి వెళ్తోందేమో చూసుకోండి.

ఆఖరి రోజున వేరే బ్యాంకు యాప్ నుంచి కట్టడం. జమ కావడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. గడువు దాటి మూడు రోజుల కంటే ఎక్కువైతేనే బాకీ గడువు మీరినట్టు రిపోర్టు చేయాలి, ఆలస్య రుసుమూ అప్పుడే వేయాలి. 2022 నాటి ఆర్‌బీఐ నిబంధన అది. అలా దాటిందంటే మాత్రం ఆలస్యపు రోజులను అసలు గడువు నుంచే లెక్కపెడతారు. ఆ మూడు రోజులు జమ ఆలస్యమైనప్పుడు ఆదుకునేవి, గడువులో భాగం అనుకోకండి.

కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం. వడ్డీలేని రోజులు దీనికి ఒక్కటి కూడా ఉండవు, పైగా రుసుము. ఎఫ్‌డీ కార్డుల ప్రకటనల్లో 'నూరు శాతం నగదు' అని గొప్పగా రాస్తారు. డబ్బు కావాలంటే పైన చెప్పిన ఎఫ్‌డీ లోనే చవక.

మరీ జాగ్రత్తపడి కార్డు అసలు వాడకపోవడం కూడా ఉంది. ఏడాదికి పైగా కదలకపోతే నోటీసిచ్చి మూసే ప్రక్రియ మొదలుపెట్టొచ్చు. నెలకొక ఫోన్ రీఛార్జ్ వేసి కట్టేసినా సరిపోతుంది.

ఎంతకాలం, ఎఫ్‌డీ ఎప్పుడు వెనక్కి

చరిత్ర లేనివాళ్లకు ఆరు నెలల వాడకంతో స్కోరు ఏర్పడటం మామూలే. పాత ఆలస్యాలున్నవాళ్లు కనీసం ఏడాది, ఏడాదిన్నర అనుకుని దిగాలి. ఇన్ని నెలలకు ఇన్ని పాయింట్లు అని లెక్క చెప్పేవాళ్లను నమ్మకండి, ఆ సూత్రం బయటికి చెప్పేది కాదు. నాలుగు సంస్థల స్కోర్లూ ఒకేలా ఉండవు కూడా.

పన్నెండు నెలలు శుభ్రంగా నడిచాక మామూలు కార్డుగా మార్చమని అదే బ్యాంకును అడగండి. కాదంటే మీ జీతం బ్యాంకులో ఒక్క దరఖాస్తు పెట్టండి. కొత్త కార్డు చేతికి వచ్చి, ఒకటి రెండు బిల్లులు గడిచాకే ఎఫ్‌డీ కార్డు మూయడం గురించి ఆలోచించండి. ఉన్నది మూసి కొత్తదానికి పోతే, మధ్యలో నడిచే ఖాతా ఒక్కటీ లేని నెలలు మిగులుతాయి. ఆరు నెలల్లో హోం లోన్‌కు వెళ్లేలా ఉంటే ఈ మార్పులన్నీ లోన్ వచ్చాక పెట్టుకోండి. ఎఫ్‌డీ డబ్బుతో పనేమీ లేకపోతే, రుసుము లేని కార్డును మూయకుండా ఉంచేసినా నష్టం లేదు.

మూయాలనుకుంటే ముందు దానికి తగిలించిన సబ్‌స్క్రిప్షన్‌లన్నీ తీసేయండి. తర్వాత ఒక స్టేట్‌మెంట్ సున్నాతో వచ్చేదాకా ఆగి, అప్పుడు మూయమని యాప్‌లోనో, మెయిల్‌లోనో అడగండి. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి. దాటితే మూసేదాకా రోజుకు రూ.500 బ్యాంకే మీకు కట్టాలి. అందుకే అడిగిన తేదీకి ఆధారం ఉండాలి, ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే లెక్క తేలదు. కార్డు మూసినంత మాత్రాన ఎఫ్‌డీ మీది లీన్ (హామీ కింద బ్యాంకు పెట్టుకున్న పట్టు) వెంటనే పోయిందనుకోకండి. కార్డు విభాగం ఒకటి, డిపాజిట్ల విభాగం ఇంకొకటి. నెట్ బ్యాంకింగ్‌లో ఎఫ్‌డీ వివరాల్లో లీన్ మొత్తం సున్నా అయిందో లేదో చూసి, కాకపోతే క్లోజర్ లెటర్ పట్టుకుని బ్రాంచికి వెళ్లండి. మరో నెలన్నర తర్వాత రిపోర్టు తీసి, ఆ ఖాతా 'క్లోజ్డ్' అని, బాకీ సున్నా అని ఉందో లేదో సరిచూసుకోండి.